బొలెరోల పడక: బిడ్డకు ఉత్తరం

హన్మకొండ

బిడ్డా,

ఫోన్ ఎత్తుతలేవు, గందుకే రాస్తున్న. కోపం కాదు. మొన్న కాజీపేట అత్త వచ్చి చాయ తాగుకుంట ఒక మాట అనిపోయింది. నువ్వు పాత బొలెరో కొన్నవట, వెనక సీట్లు పీకిచ్చి అండ్ల పండుకునేటట్టు చేపిస్తున్నవట. ఇంకో మాట గూడ అన్నది, అది ఎనుక అడుగుత. ముందు బండి సంగతి. నేను చెప్పకపోతే ఎవడో మేస్త్రీ చెప్పిందే వేదం అంటవు.

సీట్లు పీకద్దు. ఆర్.సి.ల రాసి ఉన్నదానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తది. సీట్ల లెక్క ఆర్.సి.ల ఉంటది. రేపు ఏమన్నయితే ఇన్సూరెన్సోళ్లు మొదలు పట్టుకునేది దాన్నే. నడిమి సీటు ముంగటికి మడువు. వెనక అడ్డంగ ఉండే రెండు సీట్లు మడత పడితే మడువు, పడకపోతే వాటి మీదికెల్లి బల్ల వెయ్యి. ఎప్పుడు కావాల్నంటే అప్పుడు విప్పేటట్టు ఉండాలె బల్ల.

టేపు పట్టి నువ్వే కొలువు, మేస్త్రీని నమ్మకు. ముందు సీటు పూర్తిగ ముందుకు జరిపి, వెనక డోరు నుంచి దాని వీపు దాక పొడుగు. చక్రాల గూళ్ల నడుమ వెడల్పు. కప్పు దాక ఎత్తు. నువ్వు 5 ఫీట్ల 3 ఇంచులు. పండుకుంటే పాదాలు సాగుతయి, దిండు ఎనుకకు జరుగుతది, అంటే బల్ల 5 ఫీట్ల 9 ఇంచులన్న ఉండాలె. బొలెరోల అంత పొడుగు అలకగ దొరకదు. ముందటి ముక్కను మడత బందులతోని కలిపిచ్చి, రాత్రి తెరిచి కింద ఒక కాలు నిలబెట్టు. సీటు వీపు మీద ఆనిస్తే నడిరాత్రి సీటు వంగుతది, తల కిందికి జారుతది. ఎత్తు సంగతి: కూసుంటే పిర్ర నుంచి నెత్తి దాక 33 ఇంచులు అనుకో. ఫోము మీద కూసున్నంక కప్పుకు నెత్తి తగలద్దు. కింద సామాన్ల జాగ కోసం బల్లను లేపుతనే పోతే పొద్దంత మెడ వంచుకోని కూసోవాలె.

ప్లైవుడ్ 12 ఎం.ఎం., 8×4 షీటు ఒక్కటి చాలు. బరువు 23, 25 కిలోలు ఉంటది. 18 ఎం.ఎం. తీసుకుంటే 35 కిలోలు దాటుతది, నువ్వొక్కదానివి దించలేవు. ఒక్కదానివే పోతున్నవో, ఎవరన్న ఉన్నరో, అది గూడ అత్తకు తెల్వదట. ఐ.ఎస్. 710 ముద్ర, అంటే నీళ్లకు ఆగే మెరైన్ ప్లైది, చూసి తీసుకో, అగ్గువకొచ్చే కమర్షియల్ ప్లై తేమకు పొరలు లేస్తది. కింద ఒక ఇంచు స్క్వేర్ పైపు, 16 గేజీది. 16 ఇంచులకొక అడ్డ పైపు పడాలె, లేకుంటే నడుం కాడ ప్లై కుంగి పొద్దున ఈపు పట్టుకుంటది. ప్లైకి ఆరేసి ఇంచులకొక రంధ్రం, ఇంచు వెడల్పుది కొట్టిచ్చు. ఒంటి వేడికి, ఊపిరికి ఫోము అడుగున తేమ పడుతది. గాలి ఆడకపోతే కొన్ని రాత్రులకే బూజు. అంచులకు ప్రైమర్ మరువకు, నీళ్లు దూరేది అంచులనుంచే. ఫోము 4 ఇంచులు, 32 డెన్సిటీ, మూడు ముక్కలుగ.

పైపు బండి రేకుకు తగిలే ప్రతి కాడ పాత సైకిల్ ట్యూబు ముక్క అంటియ్యి. లేకుంటే ములుగు రోడ్డు మీద కిర్రు కిర్రుకే నీ తల పగులుతది. ఫ్రేమును సీటు కాళ్లకు యు-బోల్టులు వేసి గట్టిగ బిగించు. విడిగ పెడితే సడన్ బ్రేకుకు ఫ్రేము, బల్ల, సామాను అంత కలిసి నీ ఈపు మీదికే వస్తయి. నేలకు మాత్రం డ్రిల్లు పెట్టియ్యకు.

ఎందుకంటే నర్సంపేట చిన్నబాపు సుమో నీకు యాదికుండాలె. మేడారం పోవుడుకు ముందు బల్ల చేపిచ్చిండు. చిన్నమ్మ వద్దన్నది, వినడు గద. జంపన్నవాగు కాడ చలిల ఎవరు పండుతరని, బండిల మంచం ఉంటే రాజు లెక్క పండచ్చని ఊరంత చెప్పుకున్నడు. ఆ మేస్త్రీ నాలుగు మూలల నాలుగు పొడుగు స్క్రూలు నేలల్నుంచి దింపిండు. కింద చూడలే. ఒక మొన డీజిల్ పైపు పక్కకే దిగింది. పైపు తెగలే, తెగితే అప్పుడే తెలిసేది. గుంతల రోడ్డుకు రాసుకుంట రాసుకుంట తాడ్వాయి దాటినంక సన్నగ కారుడు మొదలైంది. చిన్నమ్మ వాసన వస్తున్నదంటే, జాతర్ల అన్ని బండ్లకూ అదే వాసన అన్నడు. బంగారం (అదే, మొక్కు బెల్లం) బస్తా, మేకపిల్ల, నలుగురు పిల్లలు, అందరు అండ్లనే. రాత్రి పిల్లలకు తల తిరిగి వాంతులైతే చిన్నబాపు బెల్లం ఎక్కువ తిన్నరని తిట్టిండు. పొద్దుగాల బండి కింద డీజిల్ మడుగు చూసినంక మాట లేదు. పక్కనే ఎవరో పొయ్యి పెట్టుకున్నరు గూడ. నలుగురు పిల్లలనూ ఆర్టీసీ బస్సులనే తీసుకొచ్చిండ్రు. నేల కింద బ్రేకు పైపులు, డీజిల్ పైపులు, వైర్లు పోతయని ఇప్పటికీ చిన్నబాపు ఒప్పుకోడు.

పరదాలు కుట్టిచ్చుకో, బండి ఆపినంకనే వెయ్యి. నల్ల ఫిల్ము అంటియ్యకు, సుప్రీంకోర్టు 2012లనే బందు పెట్టింది. ఎదురెదురుగ రెండు అద్దాలు ఇంచున్నర దించి దోమల జాలి పెట్టు. జాలి అంచుల చిన్న అయస్కాంతాలు కుట్టిస్తే డోరు రేకుకు అతుక్కుంటది. అన్ని అద్దాలు మూస్తే పొద్దుగాల లోపలంత చెమట పట్టి బట్టలు తడుస్తయి.

ఇది రెండుసార్లు చదువు. ఏ.సి. కోసం ఇంజను నడిపి పండుకోవద్దు. పాత బండికి సైలెన్సర్ జాయింట్లు వదులైతయి, వెనక డోరు బీడింగు ఎండి గట్టిబడి ఉంటది, పొగ లోపలికే వస్తది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రల ఉన్నోళ్లకు తెల్వనే తెల్వదు. చలికి కుంపటి, లోపట గ్యాసు పొయ్యి, రెండూ వద్దు. వెనక డోరు లోపల్నుంచి తెరుసుకుంటదా చూడు. లేకుంటే పక్క డోరుకు అడ్డం సామాన్లు పెట్టకు.

బండి బ్యాటరీ మీద ఫ్యాను నడపకు, తెల్లారి బండి లేవదు. 12 వాట్ల డి.సి. ఫ్యాను 8 గంటలు తిరిగితే 96 వాట్-అవర్లు. యు.పి.ఎస్.ల ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీల 84 ఉంటయి, అండ్ల సగమే వాడుకోవాలె, అంటే మూడున్నర గంటలు. 20 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది వేరే తీసుకో. ప్లస్ కాడ జానెడు లోపట్నే 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలె. ఫ్యూజు లేని వైరు రేకుకు రాసుకుంటే మంటలే.

వాన తగిలేముందు ఒకరు టార్చి పట్టుకోని లోపల కూసోని, ఇంకొకరు పైపుతోని నీళ్లు కొట్టాలె. కింద మొదలుపెట్టి మెల్లగ పైకి పోవాలె, అట్లయితేనే ఎక్కడ కారుతున్నదో దొరుకుతది. కార్పెట్ లేపి తుప్పు చూడు. 15 ఏండ్లు దాటిన బండైతే ఆర్.సి. రెన్యూవల్ అయ్యిందా? కొన్నప్పుడు చూసినవా? ఇదంత నన్ను అడిగి కొంటే అయ్యేది.

లక్నవరం, పాకాల, ఎటన్న పో, నేను ఆపుతలేను. అభయారణ్యంల రాత్రి ఉండుడుకు అటవీశాఖోళ్ల పర్మిషన్ కావాలె. గాలివాన కాలంల చెట్ల కింద ఆపకు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిల వేల చెట్లు ఒక్క గాలికే కూలినయి. వాగు ఇసుకల దించకు, మీద వాన పడితే కింద తెల్వకుంటనే నీళ్లొస్తయి.

ఇగ అత్త అన్న రెండో మాట. రూము ఖాళీ చేసినవట, బట్టలు, పుస్తకాలు అన్ని బండిలనే ఉన్నయట. నేను నమ్మలే. మీ అమ్మ నమ్మింది, రాత్రి తిండి తింటలేదు. నౌకరి సంగతి నేను అడుగుతలేను, అదీ ఉంటే చెప్పు, పోతే గూడ చెప్పు. బొలెరోల వారం పండుకోవచ్చు, దాన్నే ఇల్లు చేసుకుంట అంటే ఏ ఫోమూ ఆగదు. నీ గది ఊడ్చే ఉన్నది, పైన ఫ్యాను బాగుచేపిచ్చిన.

ఆర్టీసీ కార్గోల ఒక డబ్బా పంపుతున్న. అండ్ల యు-బోల్టులు నాలుగు, స్ప్రింగు వైసర్లు, కత్తిరిచ్చిన ట్యూబు ముక్కలు, మీ అమ్మ చేసిన సకినాలు ఉన్నయి. సకినాలు బల్ల కింద పెట్టకు, కొత్త ప్రైమర్ వాసన పడితే తినరావు.

మీ బాపు