పంచాయతీ నర్సరీల్లో తంగేడు పెంచండి

సంపాదకుల వారికి నమస్కారం,

బతుకమ్మ పండుగ దగ్గరికొస్తుంటే మా ఇంట్లో టెన్షన్ మొదలవుతోంది, ఈసారి తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుందా అని. మాది పరకాల దగ్గర ఊరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో చెరువు దాటితే చాలు, చెలకల గెట్ల మీద, బండ్ల బాట పక్కన ఎటు చూసినా తంగేడే, పొద్దున్నే అత్తమ్మతో పోతే గంటలో సంచి నిండేది. పోయిన పండుగకు మా ఆయన బండి మీద మూడు ఊళ్లు తిరిగి ఒక్క సంచి తెచ్చాడు, అందులో సగం మొగ్గలే. చివరికి హనుమకొండలో కట్ట కొనుక్కొచ్చాం. తంగేడును కూడా కొనే కాలం వచ్చిందా అని అత్తమ్మ ఆ రోజంతా బాధపడింది.

గెట్లను జేసీబీతో చదును చేస్తున్నారు, మిగిలిన గెట్ల మీద గడ్డి మందు కొడుతున్నారు, ఊరి పక్క చెలకలేమో ప్లాట్లయ్యాయి. మన తప్పు కూడా ఉంది. కొనలు తెంపుకుంటే సరిపోయేదానికి మండలకు మండలు విరుస్తున్నాం, కొందరైతే వేర్లతో సహా పీకేస్తున్నారు. ఒక్క పువ్వూ మిగలకపోతే కాయ ఎట్లా కాస్తుంది, గింజ ఎట్లా రాలుతుంది?

2014లో తంగేడును మన రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. అయినా ఒక నర్సరీకి పోయి నాలుగు మొక్కలు అడిగితే, "అది అడవి మొక్క కదమ్మా, దాన్నెవరు పెంచుతారు" అన్నారు. చాలా బాధేసింది. ఒకప్పుడు దీని చెక్కతో తోళ్లు పదును చేసేవాళ్లు, రొట్ట తెచ్చి పొలంలో తొక్కేవాళ్లు. అంత అక్కరకొచ్చిన చెట్టు ఇది.

అందుకే మూడేళ్ల కింద నేనే మొదలుపెట్టాను. మొదటిసారి గింజలు నేరుగా కవర్లలో వేసి రోజూ నీళ్లు పోస్తే రెండే మొలిచాయి. దీని గింజ పెంకు చాలా గట్టిది, నీళ్లు లోపలికి పోవు. రెండోసారి నీళ్లు మరిగించి, పొయ్యి మీది నుంచి దించి, గింజలు అందులో వేసి రాత్రంతా వదిలేశాను. తెల్లారి చూస్తే చాలా గింజలు ఉబ్బి గోరుతో నొక్కితే మెత్తగా ఉన్నాయి, కొన్ని మాత్రం ఇంకా రాళ్లలాగే గిన్నెలో గలగలమన్నాయి. ఉబ్బినవి కవర్లలో పెట్టి, గట్టివాటికి మళ్లీ వేడి నీళ్లు పోశాను. ఈసారి బాగా మొలిచాయి.

వేరు తొందరగా లోతుకు పోతుంది కాబట్టి మొక్క చిన్నగా ఉన్నప్పుడే, తొలకరి వానలకు నేలలో పెట్టాలి. మొదటి ఎండాకాలం అప్పుడప్పుడు నీళ్లు పోస్తే చాలు, తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. ఎర్ర నేల, మొరం నేల, ఏదైనా సరే. నీళ్లు నిలిస్తే మాత్రం తట్టుకోదు, నల్లా దగ్గర పెట్టిన రెండూ కుళ్లిపోయాయి. కంచె వెంట పెట్టినవి పద్నాలుగు బతికాయి, రెండో ఏడే పూశాయి. మేకలు కూడా పెద్దగా ముట్టవు. పండుగయ్యాక కొనలు కత్తిరిస్తే కొత్త కొమ్మలేసి గుబురుగా అవుతుంది, పువ్వు వచ్చేది ఆ కొనలకే.

ఊరూరా పంచాయతీ నర్సరీ ఉంది, కవర్లున్నాయి, పనిచేసే మనుషులున్నారు, గింజలకు పైసా ఖర్చు లేదు. అధికారులు ఈ ఏడాదే మొదలుపెట్టాలి. బతుకమ్మ ఆడే చోటు చుట్టూ, బడి కాంపౌండ్ వెంట, కోనోకార్పస్ చెట్లు తీసేసిన రోడ్ల మధ్యన తంగేడు పెట్టొచ్చు. మా కంచె మీద కాయలు ఎండగానే కోసి గింజలు తీసి పెడతాను, చుట్టుపక్కల ఏ ఊరి నర్సరీ వాళ్లు వచ్చి అడిగినా ఇస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పరకాల, హనుమకొండ జిల్లా