కాపురం కోర్టుకు చేరకముందే పలకరించాలి

సంపాదకుల వారికి,

లోక్ అదాలత్‌లో కొన్ని జంటలను రాజీపరిచి ఇళ్లకు పంపించారన్న వార్త ఆ మధ్య మీ జిల్లా పుటలో చదివి సంతోషించాను గానీ, కేసు పడేవరకూ ఆ దంపతుల గోడు వినే నాథుడే లేకపోయాడన్న బాధ నాకింకా తగ్గలేదు.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ముందుగా రాజీకి ప్రయత్నించమనే చెబుతోంది. అయితే అది దావా వేసిన తరువాతి మాట. హిందూ వివాహ చట్టం కింద పరస్పర అంగీకారంతో విడాకులు కోరేవారు అప్పటికే కనీసం ఏడాది విడిగా ఉండి ఉంటారు. అంతగా ఎడమైన మనసులను వాయిదాల మధ్య కలపడం ఎవరి తరం?

మన శ్రీకాకుళం జిల్లా సంగతి మరీ కష్టం. ఉద్దానం నుంచి, తీర గ్రామాల నుంచి మగవాళ్లు చెన్నైకో, గల్ఫ్‌కో, గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకో వెళ్లి నెలల తరబడి రారు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయికి భర్త ఫోనులో గొంతుగానే మిగులుతాడు. పంపిన డబ్బు తల్లి చేతికా, భార్య చేతికా, పెళ్లికి చేసిన అప్పు ఎంత, పురుడు ఎక్కడ అన్నవి ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన విషయాలు. అవి తేలక ముదిరి పెద్దమనుషుల ముందు పంచాయితీ అవుతాయి. అక్కడ తప్పెవరిదో చెబుతారు, సర్దుకుపొమ్మని ఆడపిల్లకే చెబుతారు, ఇద్దరికీ మనసు విప్పి మాట్లాడుకునే దారి మాత్రం చూపరు. అధికారులా, మహిళా దినోత్సవం నాడు వేదికెక్కి ప్రసంగించి, ఫోటోలు దిగి వెళితే మళ్లీ ఏడాదికి గాని కనబడరు. ఏ శాఖను అడిగినా ఇది తమ పని కాదనే అంటుంది.

వలస వెళ్లినవారిలో చాలామంది సంక్రాంతికి ఇంటికి వస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలంలో ఇక్కడి మరపడవల మీద పనిచేసే మత్స్యకారులు ఊళ్లోనే ఉంటారు. ఆ రోజుల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్లను గ్రామ సచివాలయాలకు పంపి, కొత్త దంపతులతో మొదట విడివిడిగా, తరువాత కలిపి, ఊరివారి చెవిన పడకుండా మాట్లాడించాలి. అత్తమామలను కూడా ఒకసారి పిలిపించాలి. కొట్టే భర్తతో సర్దుకోమనడం నా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. అటువంటి చోట 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ వెంటనే అందాలి.

జిల్లా కలెక్టరు, న్యాయసేవాధికార సంస్థ కలిసి వచ్చే సంక్రాంతికే కొన్ని తీర మండలాలలో ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం