మా రేకుల షెడ్డు దాకా వచ్చిన మేడంకు, బల్బు ఆర్పని పెద్దమ్మకు

నాకు బీఈడీలో సీటు వచ్చింది, మహబూబ్‌నగర్‌లోనే. ఈ మాట ముందుగా చెప్పవలసిన వాళ్లలో కొందరి ఫోన్ నంబర్లు నా దగ్గర లేవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మ రెండుసార్లు ఊరు పోగొట్టుకుంది. 1981లో శ్రీశైలం నీళ్లు కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లను ముంచినప్పుడు ఆమె మూడో తరగతి. మూటలో కట్టిన పలక మళ్లీ బయటికి రాలేదు. ఇంటికో ఉద్యోగమన్న 1986 నాటి 98వ నంబరు జీవో మాట మాత్రం తాతయ్య పోయేదాకా ఇంట్లో వినిపిస్తూనే ఉంది. పెళ్లయి వచ్చిన ఊరేమో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల జలాశయం కిందికి పోయింది. అప్పుడు నేను పదో తరగతి.

రేకుల షెడ్డులోకి మారాక బడి దూరమైంది. తమ్ముణ్ణి సైకిల్ మీద పంపారు, నన్ను ఆపేశారు. నాన్నను తప్పు పట్టను, చీకటి పడితే ఆ దారిన బస్సు లేదు. మూడు వారాలకు మా సైన్స్ మేడం వెతుక్కుంటూ వచ్చారు. నాన్న ఒప్పుకోలేదు. మళ్లీ వచ్చారు. మూడోసారి కస్తూర్బా విద్యాలయం దరఖాస్తు పట్టుకొచ్చి, అమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు నా పెట్టె అమ్మే సర్దింది.

సంక్రాంతి సెలవులకు వస్తే షెడ్డుకు కరెంటు లేదు. కిరాణా కొట్టు పెద్దమ్మ కొట్టు మూసేది కానీ బయటి బల్బు ఆర్పేది కాదు. నేను అరుగు మీద చదువుకునేదాన్ని. “ఆర్పడం మరిచిపోయానమ్మా” అనేది, ప్రతి పొద్దునా.

మీసేవ అన్నకూ దండాలు. పాత ఇల్లు లేదు, కొత్త ఇంటికి నంబరు రాలేదు. నివాస ధ్రువపత్రానికి మూడుసార్లు అర్జీ రాసిచ్చి ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ కాగితం లేకపోతే స్కాలర్‌షిప్ లేదు. డిగ్రీ చివరి ఏడాదిలో, 2023 డిసెంబరు నుంచి, ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. అంతకుముందు పాసు డబ్బులు తన కుట్టుమిషన్ సంపాదనలోంచి ఇచ్చిన నా స్నేహితురాలికి ఆ బాకీ ఇంకా ఉన్నాను.

మేడం, మీరు చేత్తో రాసిచ్చిన సైన్స్ నోట్సు ఇప్పుడు మా పునరావాస కాలనీలో పదో తరగతి అమ్మాయి దగ్గర ఉంది. మిమ్మల్ని అడగకుండానే ఇచ్చాను. మొదటి పేజీలో మీ పేరు అలాగే ఉంది.