నాన్నగారికి, ముక్కు స్ప్రే విషయమై

నాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. మీ ముక్కు అలర్జీకి డాక్టరు గారు రాసిచ్చిన మోమెటాసోన్ స్ప్రేను మూడు రోజులు వాడి, గుణం కనిపించక, పెట్టె మీద స్టెరాయిడ్ అన్న మాట చూసి భయపడి, మళ్లీ పాత చుక్కల మందుకే వెళ్లానని రాశారు. ఫోనులో చెబితే సగం మాటలు జారిపోతాయన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను. ఇక్కడికి వచ్చిన రెండో ఏడాది నుంచి పుప్పొడి అలర్జీకి నేను కూడా ఇదే మందు వాడుతున్నాను. మొదటి నెలంతా తప్పుగా వాడి, ముక్కు నుంచి రక్తం వచ్చిన తరువాతే సరైన పద్ధతి నేర్చుకున్నాను. ఆ ఇబ్బంది మీకు కలగకూడదు.

ముందుగా ఆ చుక్కల సంగతి చెబుతాను, ఎందుకంటే నన్ను స్ప్రే కన్నా అవే ఎక్కువ కలవరపెడుతున్నాయి. మీరు వేసుకుంటున్న జైలోమెటాజోలిన్ ముక్కు లోపలి రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది కాబట్టి నిమిషాల్లోనే గాలి ఆడుతుంది. కానీ వరుసగా నాలుగైదు రోజులకు మించి వాడినప్పుడు, మందు ప్రభావం దిగిన ప్రతిసారీ ఆ నాళాలు మునుపటి కన్నా ఎక్కువగా ఉబ్బి, మళ్లీ చుక్కలు వేస్తే తప్ప ఊపిరి ఆడని స్థితి వస్తుంది. చుక్కలు లేకపోతే నిద్ర పట్టడం లేదని మీరు రాసిన దానికి కారణం అలర్జీ ముదరడం కాదని, చాలావరకు ఆ చుక్కలేనని నా అనుమానం. అవి రక్తపోటును కూడా పెంచగలవు కాబట్టి, ఎన్ని నెలలుగా వాడుతున్నారో డాక్టరు గారికి దాచకుండా చెప్పండి. సాధారణంగా స్టెరాయిడ్ స్ప్రేను కొనసాగిస్తూ చుక్కలను మానిపిస్తారు. మొదటి కొన్ని రోజులు ముక్కు మరింత బిగుసుకుంటుంది, ఆ రోజులను ఓర్చుకోవాలి.

ఇక స్టెరాయిడ్ అన్న మాట. కండలు పెంచుకోవడానికి కొందరు వాడే మందు వేరు, ఇది వేరు. మూత్రపిండాల మీద ఉండే మన అడ్రినల్ గ్రంథులు తామే తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్‌ను పోలిన జాతి మందు ఇది. 1948లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతంతో మంచాన పడిన రోగికి ఈ జాతికే చెందిన కార్టిసోన్ ఇచ్చి అద్భుతమైన ఫలితం చూశారు, 1950లో మరో ఇద్దరు శాస్త్రజ్ఞులతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ తరువాత ఈ జాతి మందులను మాత్రలుగా దీర్ఘకాలం వాడిన వారిలో ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం, ముఖం ఉబ్బడం కనిపించాయి, మీ భయం అక్కడి నుంచి వచ్చినదే, అది నిరాధారమైనదని నేను అనను. అయితే మోమెటాసోన్ ముక్కులో పడిన చోటే పనిచేస్తుంది. గొంతులోకి జారిన భాగాన్ని కాలేయం దాదాపు పూర్తిగా విరగ్గొట్టేస్తుంది. రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. స్టెరాయిడ్ స్ప్రేలన్నీ ఇంత తక్కువగా చేరవు, బెక్లోమెథాసోన్, బ్యుడెసొనైడ్ వంటివి ఇంతకన్నా ఎక్కువగా రక్తంలోకి వెళతాయి. కాబట్టి ఒకదాని బదులు మరొకటి ఇస్తే ఊరికే తీసుకోకుండా పేరు చూడండి.

మూడు రోజులకు గుణం కనిపించకపోవడంలో మందు తప్పు లేదు. పుప్పొడి గానీ దుమ్ము గానీ తగిలిన నిమిషాల్లో ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం విడుదలై తుమ్ములు, దురద, నీరు కారడం మొదలవుతాయి. కొన్ని గంటల తరువాత రకరకాల కణాలు అక్కడికి చేరి పొరను వాచేలా చేస్తాయి, ముక్కు దిబ్బడకు పెద్ద కారణం ఆ వాపే. అలర్జీ మాత్ర హిస్టమిన్‌ను మాత్రమే అడ్డుకుంటుంది. స్టెరాయిడ్ కణం లోపలికి వెళ్లి వాపు పుట్టించే పదార్థాల తయారీనే తగ్గిస్తుంది కాబట్టి నిదానిస్తుంది. కొంత మార్పు పన్నెండు గంటల్లో తెలియవచ్చు గానీ, పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టవచ్చు. తుమ్ములు వచ్చిన రోజున మాత్రమే కొట్టుకుంటే ప్రయోజనం చాలా తక్కువ, రోజూ ఒకే వేళకు వాడాలి.

కొట్టుకునే పద్ధతి దగ్గరే నేను పొరపడ్డాను. తల వెనక్కి వాల్చి, నాజిల్‌ను నిటారుగా పెట్టి, గట్టిగా ఎగబీల్చేవాణ్ణి. మందు గొంతులో చేదుగా తగలడమే పని చేస్తున్నదనడానికి గుర్తు అనుకున్నాను. నిజానికి అది వృథా అయిన మందు. ఒక నర్సు అద్దం ముందు నిలబెట్టి ఇలా నేర్పింది. ముందుగా ముక్కు మెల్లగా చీది, సీసాను కుదపాలి. కొత్త సీసా అయితే సన్నని తుంపర వచ్చేదాకా గాలిలోకి కొట్టాలి, మోమెటాసోన్‌కు ఇది పదిసార్లు. తల కొంచెం ముందుకు వంచి, కుడి రంధ్రానికి ఎడమ చేతితో, ఎడమ రంధ్రానికి కుడి చేతితో సీసా పట్టుకోవాలి. అప్పుడు నాజిల్ దానంతట అదే మధ్యనున్న దూలానికి దూరంగా, ఆ వైపు చెవి దిశగా తిరుగుతుంది. నొక్కుతూ నెమ్మదిగా ఊపిరి తీసుకుని, నోటితో వదలాలి. ఆ తరువాత కాసేపు ముక్కు చీదకూడదు. దూలం మీది పొర చాలా పలచన, రోజూ అక్కడే మందు పడితే ఎండిపోయి రక్తం చిమ్ముతుంది, నాకు జరిగినది అదే. చేతులు మార్చిన రెండు వారాల తరువాత మళ్లీ రక్తం కనిపించలేదు. నాజిల్ మూసుకుపోతే సూదితో పొడవకండి, గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టండి.

మోతాదు పెద్దలకు సాధారణంగా ఒక్కో వైపు రెండు పఫ్‌లు, రోజుకు ఒకసారి, అంటే మొత్తం 200 మైక్రోగ్రాములు. అదుపులోకి వచ్చాక డాక్టరు గారు ఒక్కో పఫ్‌కు తగ్గించవచ్చు. ఒక రోజు మరచిపోతే మరునాడు రెట్టింపు వేసుకోవద్దు.

మీ విషయంలో నేను ముఖ్యంగా కోరేది కంటి పరీక్ష. మీకు గ్లకోమా, అంటే నీటికాసులు ఉన్నది కాబట్టి, స్ప్రే వాడుతున్నట్లు కంటి డాక్టరుకు చెప్పి, కంటి ఒత్తిడిని ఎప్పటికప్పుడు చూపించుకోండి. అలాగే ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, హెచ్ఐవీ చికిత్సలోని రిటోనవిర్ వంటి మందులు స్టెరాయిడ్‌ను శరీరంలో పేరుకునేలా చేస్తాయి. ఇతర కారణాలతో కొత్త మందు ఏది రాసినా ఈ స్ప్రే పేరు కూడా చెప్పండి. ముక్కుకు గాయమో ఆపరేషనో జరిగితే మానేదాకా ఆపాలి.

చిన్నవాడికి కూడా తుమ్ములే కదా అని మీ సీసాతో వాడికి కొట్టవద్దని అన్నయ్యకు గట్టిగా చెప్పండి. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఈ మందు మోతాదు సగమే, ఎత్తు పెరుగుదలను డాక్టరు గమనిస్తూ ఉండాలి. పైగా ఒకరి సీసా ఇంకొకరు వాడితే జలుబు అంటుకోవచ్చు.

ఒక వైపు ముక్కు మాత్రమే ఎడతెగకుండా మూసుకుపోయినా, రక్తం మాటిమాటికీ వచ్చినా, చూపు మసకబారినా, నా ఉత్తరాన్ని నమ్ముకుని ఆగకుండా వెంటనే డాక్టరు గారి దగ్గరకు వెళ్లండి. చుక్కలు మానిన రోజు నుంచి లెక్కపెట్టి, రెండు వారాల తరువాత రాత్రి నిద్ర ఎలా పడుతున్నదో నాకు రాయండి. కంటి ఒత్తిడి ఎంత వచ్చిందో ఆ అంకె కూడా తెలియజేయండి, అమ్మతో చెప్పి రాయించినా సరే.

ఇట్లు,
మీ కుమారుడు