పాడేవాళ్లు ఎందుకు నిలవడం లేదంటే

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఆర్కెస్ట్రాలకు గాయకులు దొరకడం లేదని వార్త వేశారు. సంతోషం. అందులో ఒక అధికారి గారు ఈ కాలం పిల్లలకు సాధన మీద శ్రద్ధ లేదని, అందుకే ఎక్కడా నిలవరని సెలవిచ్చారు. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గేలా లేదు కాబట్టి రాస్తున్నాను.

మాది అనంతపురం పాతూరులో సాయంత్రాలు కలిసి వాయించుకునే చిన్న బ్యాండ్. ఒకాయనది బ్యాంకు ఉద్యోగం, ఒకాయనకు మోటారు వైండింగ్ షాపు, ఫ్లూటు వాయించే పెద్దాయన రిటైరైన పంతులు. కీబోర్డు నాది. ఎవరికీ ఇది బతుకుదెరువు కాదు. వినాయక చవితి, శ్రీరామనవమి, తెలిసినవాళ్ల ఇళ్లలో ఫంక్షన్లు, అంతే. వాయించేవాళ్లం ఏళ్ల తరబడి అదే జట్టు. పాడేవాళ్లే మారిపోతుంటారు.

గొంతు మారితే ఏమవుతుందో కింద కూర్చుని వినేవాళ్లకు తెలియదు. నాకేం, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే స్కేలు, అంటే పాడే శ్రుతి, మారిపోతుంది. మా పంతులు గారికి అలా కుదరదు. స్కేలుకొక వేణువు ఉండాలి. ఆయన గుడ్డసంచి విప్పి ఒక్కొక్కటీ తీసి ఊది చూసుకుంటుంటే, మైక్‌సెట్ అబ్బాయి 'ఇంకెంతసేపు సార్' అంటాడు. తబలాను సుత్తితో కొట్టి కాస్త పైకి లాగొచ్చు గానీ, మరీ లాగితే తోలు ఊరుకోదు, ఇంకో తబలా తేవాల్సిందే. ఆడపిల్లతో జి షార్ప్ స్కేలులో నెలంతా ప్రాక్టీసు చేసిన పాటను కొత్తగా వచ్చినవాళ్లు డి లో పాడతామంటే అందరమూ మళ్లీ మొదటికి రావాలి. డ్యూయెట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఒక గొంతు నిలవాలని ఇంత తాపత్రయం.

అధికారి గారు గమనించాలి, మమ్మల్ని వదిలి వెళ్లినవాళ్లలో సాధన చేయలేక వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకమ్మాయికి పెళ్లి కుదిరింది, అత్తగారింటివాళ్లు స్టేజీ వద్దన్నారు. ఒకబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. పాపం కొన్నాళ్లు శనివారం రాత్రి బస్సెక్కి వచ్చేవాడు, ఎన్నాళ్లని వస్తాడు? ఇంకొకాయన ఈవెంట్లవాళ్ల దగ్గర చేరాడు. వాళ్లకు వాయిద్యాలతో పనిలేదు, ల్యాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టుకుని పాడించేస్తారు. కానీ ఆ రాత్రే డబ్బులు చేతిలో పెడతారు. మమ్మల్ని పిలిచినవాళ్లు బయానా ఇచ్చి, మిగతాది పండగైపోయాక చూద్దామంటారు. పండగలు ఏడాదంతా వస్తూనే ఉంటాయి. అడిగితే, 'మీరు సరదాకే కదప్పా వాయించేది' అని ఎదురు ప్రశ్న. మాకు సరదానే, పాడటానికి వచ్చిన పిల్లకు ఆటో ఖర్చులుంటాయి కదా!

వీటన్నిటినీ మించింది జిల్లాల గొడవ. మాకు దొరికిన వాళ్లలోకెల్లా మంచి గొంతు ధర్మవరం అమ్మాయిది. చీరల షాపులో లెక్కలు రాసుకుంటూ, పని అయ్యాక సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణం చేసి ప్రాక్టీసుకు వచ్చేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. తర్వాత ఒక ప్రభుత్వ కార్యక్రమానికి స్థానిక కళాకారులకు అవకాశం ఇస్తున్నామంటే వెళ్లాం. ఆధార్ కార్డులు అడిగారు. ఆమె కార్డు చూసి ఈమె పొరుగు జిల్లా, కుదరదన్నారు. పక్క ఊరమ్మాయి ఒక్క రోజులో పరాయిదైంది! అదే స్టేజీ మీద ఆ రాత్రి ప్రధాన ఆకర్షణ హైదరాబాదు నుంచి వచ్చిన గాయకుడు. ఆయన ఆధార్ ఎవరు చూశారో మరి. మాకు మాత్రం గాయని లేకుండా రెండు వాయిద్య గీతాలకు సమయం ఇచ్చారు. చివర్లో తలా ఒక శాలువా, జ్ఞాపిక. ఆ అమ్మాయి కిందే కూర్చుని చప్పట్లు కొట్టి, చివరి బస్సుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత ప్రాక్టీసుకు రాలేదు. రమ్మనడానికి మాకూ మొహం చెల్లలేదు.

ఇక పోలీసువారి సమయపాలన. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది తర్వాత బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మంచి నిబంధనే, పసిపిల్లలుంటారు, చదువుకునేవాళ్లుంటారు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా అనుమతి ఇచ్చే వెసులుబాటు కూడా అందులోనే ఉంది. మా దగ్గర మాత్రం పది కొట్టేసరికి కానిస్టేబుల్ గారు పల్లవి మధ్యలోనే వచ్చి నిలబడతారు. అదే వీధిలో పదకొండు గంటలకు కిటికీ అద్దాలు అదిరేలా పోయే డీజే బండి ఏ గడియారం ప్రకారం పోతుందో! నాయకుల సభలు ఆలస్యంగా మొదలై ఆలస్యంగానే ముగుస్తాయి, వారికి పదీ లేదు పదకొండూ లేదు. ముఖ్య అతిథి రాక కోసం మమ్మల్ని ఎనిమిదిన్నర దాకా కూర్చోబెట్టి, ఉపన్యాసాలు తొమ్మిదిన్నరకు ముగించి, ఇక పాడుకోండి అంటారు. మేకప్ వేసుకుని సాయంత్రం నుంచి పక్కన కుర్చీలో కూర్చున్న పిల్ల ఒకటిన్నర పాట పాడి ఇంటికి పోతుంది. మరుసటి నెల పిలిస్తే వస్తుందా?

మీ పత్రిక గురించి కూడా ఒక మాట, ప్రచురిస్తారో కత్తిరిస్తారో మీ ఇష్టం. సంగీత విభావరి జరిగిందని వార్త వేస్తారు. జ్యోతి వెలిగించినవారి దగ్గర నుంచి వందన సమర్పణ చేసినవారి దాకా పేర్లన్నీ ఉంటాయి. పాడినవాళ్ల పేర్లుండవు. 'గాయనీ గాయకులు అలరించారు' అని ఒక్క ముక్క. పోయిన వారం వార్తతో వేసిన ఫొటోనే చూడండి, నాయకుడు గారు మైకు పట్టుకుని ఉన్నారు, వెనక పాడే అమ్మాయి సగం మొహం మాత్రం పడింది. గాయకులు లేరన్న వార్తకు అది బాగానే సరిపోయిందనుకోండి. ఆకాశవాణిలో ఇప్పటికీ పాటకు ముందు పాడినవారి పేరు చదువుతారు. ఆ పేరు వినడానికి ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరిన ఇళ్లు ఈ ఊళ్లో నాకు తెలుసు. తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారి పేరు ప్రతి ఉపన్యాసంలోనూ వాడుకునే పెద్దలకు, ఎదురుగా పాడుతున్న పిల్ల పేరు కనుక్కునే తీరిక ఉండదు.

అధికారులను పెద్ద కోరికలేమీ కోరడం లేదు. కళాకారుల విషయంలోనైనా ఉమ్మడి జిల్లానే లెక్కలోకి తీసుకోండి. పాటలు ముందు పెట్టి ఉపన్యాసాలు తర్వాత పెట్టుకోండి, జనం ఆగితే వింటారు. శాలువాలు మాకు చాలానే ఉన్నాయి, ఆ డబ్బేదో పాడినవాళ్లకు బస్సు ఛార్జీగా ఇవ్వండి.

వినాయక చవితికి మా వీధి మంటపంలో కచేరీ ఉంది. పాత పాటలు, ముఖ్యంగా డ్యూయెట్లు, శ్రుతిలో పాడగలిగిన అమ్మాయి ఎవరైనా ఉంటే మీ కార్యాలయంలో మా చిరునామా తీసుకోవచ్చు. ప్రాక్టీసు సాయంత్రం ఆరున్నర తర్వాత. రానుపోను ఖర్చులు ఏ రోజువి ఆ రోజే ఇచ్చేస్తాం.

ఇట్లు,
ఒక కీబోర్డు వాద్యకారుడు,
పాతూరు, అనంతపురం