ఆర్డర్ మీద మింగే మాత్రకు సమ్మతి ఎక్కడిది?

సంపాదకుడు గారికి,

నిద్ర రాకుండా, అలుపు తెలియకుండా, భయం పుట్టకుండా సైనికుణ్ని మందులతోనూ మెదడులో పెట్టే చిప్పులతోనూ తయారు చేయడం గురించి ఈమధ్య గొప్పగా చెబుతున్నారు. ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసిన నాకు ఆ మాట వింటే ఈశాన్యంలో మా సాయంత్రపు ఫాలిన్ (అందరూ వరసకట్టే హాజరు) గుర్తొస్తుంది. వరసలో నిలబడితే హవల్దార్ అరచేతిలో మలేరియా మాత్ర పెట్టేవాడు. మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి. ఆ మాత్ర మా మేలుకే, ఫిర్యాదేమీ లేదు. కానీ ‘వేసుకుంటావా’ అని ఎవరూ అడగలేదు. రేపు అదే వరసలో, అదే అరచేతిలో, రెండు రాత్రులు నిద్ర ఎగరగొట్టే మాత్ర పెడితే?

ఇది ఊహ కాదు. 1940లో ఫ్రాన్స్ మీదికి దండెత్తినప్పుడు జర్మనీ తన సైనికులకు నిద్ర, అలుపు తెలియనివ్వని పెర్విటిన్ అనే మెథాంఫెటమిన్ మాత్రలు లక్షలకొద్దీ పంచింది. 2002 ఏప్రిల్‌లో కాందహార్ దగ్గర అమెరికా ఎఫ్-16 పైలట్ పొరబాటున వేసిన బాంబుకు నలుగురు కెనడా సైనికులు చనిపోయారు. వైమానిక దళం ఇచ్చిన ‘గో పిల్స్’ (నిద్ర రాకుండా చేసే మాత్రలు) ప్రభావం ఉందని అతని లాయర్లు వాదించారు. ఆ వాదన నిలవలేదు. మాత్ర ఇచ్చింది పైవాళ్లు, శిక్ష పడింది మింగినవాడికి. నన్ను బాధించేది ఇదే.

అదే అమెరికాలో 2004లో ఒక కోర్టు, సమ్మతి లేకుండా సైనికులకు ఆంత్రాక్స్ టీకా వేయడాన్ని ఆపింది. ఫ్రాన్స్ 2020లోనే ఎథిక్స్ కమిటీ వేసుకుని, సైనికుణ్ని ఇలా మార్చడంలో ఎక్కడ ఆగాలో చర్చించింది.

మన దగ్గర 1950 నాటి ఆర్మీ చట్టం 41వ సెక్షన్ ఉంది. యుద్ధరంగంలో చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరిస్తే పద్నాలుగేళ్ల వరకు జైలు. ‘ఈ మాత్ర మింగు’ అన్నది చట్టబద్ధమైన ఆజ్ఞేనా? ఆ చట్టం రాసిన రోజుల్లో మెదడు చిప్పుల ఊసే లేదు. జైలు భయంతో తల ఊపితే దాన్ని సమ్మతి అనడం అన్యాయం.

అగ్నివీర్ల సంగతి ఇంకా దిగులు. నాలుగేళ్లు కాగానే నూటికి డెబ్బై అయిదు మంది పెన్షన్ లేకుండా ఇంటికొస్తారు. వైకల్యం ఉద్యోగం వల్ల వచ్చిందనో, ముదిరిందనో తేలితేనే పరిహారం. ఇంటికొచ్చిన ఆరేళ్లకు గుండె దడో, నిద్ర పట్టని జబ్బో బయటపడితే, ఏ మాత్ర ఎన్నిసార్లు ఇచ్చారో కాగితం లేకుండా ఏం రుజువు చేస్తాడు?

జబ్బుకు, టీకాకు కాకుండా ఒంటినీ మనసునీ మార్చడానికి ఇచ్చే ప్రతి మందూ మెడికల్ రికార్డులోకి ఎక్కాలి. దాని కాపీ డిశ్చార్జి రోజున చేతికివ్వాలి. వద్దన్నవాడిపై కేసు ఉండకూడదు. తిరిగి తీయలేని చిప్పులు అసలే వద్దు. మన ఎంపీలు దీన్ని పార్లమెంటులో అడగాలి.

మా వీధి కుర్రాళ్లు ఇద్దరు అగ్నివీర్ సెలక్షన్ కోసం తెల్లవారుజామున నాలుగున్నరకే కాలేజీ గ్రౌండ్‌లో పరుగెడుతున్నారు. వాళ్లు సంతకం పెట్టే కాగితంలో ఈ సంగతి రాసి ఉండాలి.

– ఒక విశ్రాంత హవల్దార్, పశ్చిమ గోదావరి జిల్లా