టవల్ డే ఫోటోలు సరే, మనిషేడీ?

ఎడిటర్ గారికి,

మే 25న టవల్ డే అంటూ మీరు వేసిన అరపేజీ చూసి రాద్దామా వద్దా అని ఇన్నాళ్లు ఆగాను గానీ, ఊరుకోబుద్ధి కాలేదు. భుజాన తువ్వాళ్లేసుకుని ఇకిలిస్తున్న కుర్రాళ్ల ఫోటోలు, మధ్యలో ఇంత లావు 42 అంకె. తెలియనివాళ్లు తువ్వాళ్ల యాడ్ అనుకుంటారు. ఆ రోజు ఎవరి పేరు మీదో ఆ ఇంగ్లిష్ రచయిత డగ్లస్ ఆడమ్స్‌కి మిగిలింది మూడు లైన్లు, అందులో ఒకటి "కామెడీ రచయిత". ఆయన 2001 మే 11న జిమ్‌లో గుండెపోటుతో 49 ఏళ్లకే పోతే, రెండు వారాలకి అభిమానులు నివాళిగా మొదలుపెట్టిన రోజు ఇదీ అన్న ముక్క కూడా లేదు. పుట్టింది 1952లో అయితే 1962 అని వేశారు, ప్రూఫ్ చూసేవాళ్లని ఎప్పుడో తీసేసినట్టున్నారు.

ఆ తువ్వాలూ, 42 అంకే ఆయన రాసిన హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీలోవి. అది 1978లో బీబీసీ రేడియోలో రాత్రి పదిన్నరకి మొదలైన నాటకం, తర్వాత పుస్తకాలుగా వచ్చింది. బైపాస్ రోడ్డు కోసం కథానాయకుడు ఆర్థర్ డెంట్ ఇంటి మీదకి బుల్డోజర్ వస్తుంది. ప్లాను ఎప్పుడో పెట్టాం, అప్పుడే అభ్యంతరం చెప్పాల్సింది అంటాడు ఆఫీసరు. ఎక్కడ పెట్టారయ్యా అంటే సెల్లార్లో, లైటు లేదు, మెట్లు లేవు, పాడుబడ్డ లెట్రిన్‌లో తాళమేసిన బీరువాలో, తలుపు మీద చిరుతపులి ఉంది జాగ్రత్త అని బోర్డు! కాసేపటికి భూమినే లేపేస్తారు, అదీ బైపాస్‌కే. దాని ప్లాను ఎక్కడో ఆల్ఫా సెంటారీ అనే నక్షత్రం దగ్గర 50 ఏళ్లుగా పెట్టే ఉందట, వెళ్లి చూసుకోకపోవడం మనదే తప్పట. కూల్చే వోగన్లనే గ్రహాంతరవాసులు రాక్షసులేం కాదు సార్, గుమాస్తాలు. మూడు కాపీల్లో సంతకాలు పడందే సొంత నాయనమ్మని కూడా కాపాడరు.

ఇది ఉత్త కామెడీయా? మా వీధిలో రోడ్డు వెడల్పని గోడల మీద ఎర్ర పెయింటు మార్కింగులేసి పోయారు, నోటీసు ఏదండీ అంటే ఆఫీసు వరండాలో పెట్టాంగా అన్నారు, వెళ్లి చూస్తే బోర్డుకి అడ్డంగా చెడిపోయిన కూలరు, దాని మీద దుమ్ముపట్టిన ఫైళ్ల కట్టలు. వాటిని జరిపించుకుని చదివితే అభ్యంతరాల గడువు అయిపోయి ఉంది. చిరుతపులి బోర్డు ఒక్కటే తక్కువ. ఇలాంటివి మీ జిల్లా ఎడిషన్‌లో ఎప్పుడైనా వచ్చాయా, మంత్రిగారి బర్త్‌డేకి మాత్రం ఫుల్ పేజీ.

ఇంకోటి. ఆడమ్స్ రాతలో మహా బద్ధకస్తుడు, గడువులంటే లెక్కలేదు. హిచ్‌హైకర్స్ వరుసలో నాలుగో పుస్తకం ఎంతకీ తేలకపోతే ఢిల్లీలో పుట్టిన సోనీ మెహతా, ఆయన ఎడిటరు, లండన్ హోటల్లో ఆయనతో పాటే మకాం పెట్టి, పక్కనే కూర్చుని రాయించాడు. ఎడిటరంటే అలా ఉండాలి (మిమ్మల్ని అనట్లేదు లెండి).

అంతరించిపోతున్న జంతువుల కోసం జంతుశాస్త్రజ్ఞుడు మార్క్ కార్వర్డైన్‌తో కలిసి దేశాలు తిరిగి 1990లో లాస్ట్ ఛాన్స్ టు సీ రాశాడు. అందులో వెతుక్కుంటూ వెళ్లిన చైనాలోని యాంగ్ట్జీ నది డాల్ఫిన్ 2006 సర్వేలో ఒక్కటీ కనపడలేదు, నార్తర్న్ వైట్ రైనోలు ఇప్పుడు రెండే, రెండూ ఆడవే. నాకైతే ఆయన పుస్తకాల్లో అదే గొప్పది. దాని ఊసే లేదు మీ అరపేజీలో.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే టెండరు నోటీసుల కింద చీమతలకాయంత అక్షరాల్లో కాకుండా కనపడేచోట వేయండి.

ఇట్లు
మీ పాత చందాదారుడు